తాతగారి ఫియట్ పద్మిని: బీటెక్ చదువుతుండగా అమ్మేయాలా, ఉంచుకోవాలా?

ముందు నీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకో. బీటెక్ రెండో ఏడాది, మధురవాడ వైపు హాస్టల్లో ఉంటున్నావు. ఇల్లు పెదవాల్తేరులో. షిప్‌యార్డులో చేసి రిటైరైన తాతగారు కిందటేడాది పోయారు. ఆయన 1978లో కొత్తగా కొన్న ప్రీమియర్ పద్మిని కారు, అదే మనమంతా ఫియట్ అనేది, పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. నెలకోసారి నువ్వు ఇంటికెళ్ళినప్పుడు స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేస్తున్నావు. ఇల్లు బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చారు, సంక్రాంతి వెళ్ళగానే పడగొడతారు, దాంతో షెడ్డూ పోతుంది. బ్రోకరు 85 వేలంటున్నాడు. బీచ్ రోడ్డులో హోటల్ పెడుతున్న ఒకాయన గుమ్మం ముందు అలంకారానికి పెట్టుకుంటానని లక్షా నలభై వేలు ఇస్తానన్నాడు. నాన్నగారు అమ్మేయమంటున్నారు. తాతగారు "ఈ బండి నీదేరా" అన్న మాట నీకు అడ్డం పడుతోంది. చోడవరం దగ్గర మామయ్యకి గోదాము ఉంది గానీ అడగడానికి మొహమాటం. చదువయ్యే దాకా, అంటే 2028 దాకా, బండిని ఉంచుకోగలనా అని అడిగావు.

మా అబ్బాయి కంటే చిన్నవాడివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

సూటిగా చెప్తాను. ఆ రెండు బేరాల్లో దేనికీ ఇప్పుడు ఒప్పుకోవద్దు. డిసెంబరు నెలాఖరు లోపల సముద్రానికి దూరంగా ఒక పైకప్పు, పదిహేను రోజులకోసారి బండిని నిజంగా రోడ్డు మీద తిప్పే ఒక మనిషి కుదిరితే ఉంచుకో. ఈ రెండింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా అమ్మెయ్, అదీ బండి నడుస్తుండగానే అమ్మెయ్. "మనసొప్పడం లేదు, ప్రస్తుతానికి ఎక్కడో ఒకచోట పెడదాం, తరువాత చూద్దాం" అనే మూడో దారి మాత్రం పట్టకు. కంచరపాలెం వైపు ఇరవై ఎనిమిదేళ్ళుగా పాత బండ్ల షెడ్డు నడుపుతున్నాను. ఆ మూడో దారిలో వెళ్ళిన బండ్లన్నీ చివరికి లారీ మీదే నా దగ్గరికి వచ్చాయి.

అన్నిటికంటే ముందు ఒక చేదు సంగతి. ఆ బండి ఇంకా నీది కాదు. తాతగారు నోటితో అన్నారు, వీలునామా రాసినట్టు నువ్వు ఎక్కడా చెప్పలేదు. వీలునామా లేకపోతే చట్టం లెక్కలో అది మీ నాయనమ్మగారిది, మీ నాన్నగారిది, అత్తలుంటే వాళ్ళది కూడా. నాన్నగారు ఉండగా మనవడికి వాటా రాదు. ఆర్సీ ఇంకా తాతగారి పేరు మీదే ఉందంటే, నువ్వు అమ్ముదామన్నా ఈ రోజు అమ్మలేవు. ఎవరైనా కొంటానంటే వాడు కాగితాలు లేకుండా కొంటున్నట్టే. బ్రోకరు 85 వేలు అనడంలో సగం మతలబు ఇదే, నిన్ను వాడు ఒక్క కాగితం కూడా అడిగి ఉండడు, గుర్తు చేసుకో.

యజమాని పోతే ముప్పై రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి. మీకు గడువు దాటింది. దాటినంత మాత్రాన దారి మూసుకుపోదు, కొంచెం తిరగాల్సి వస్తుంది అంతే. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు "మాకు అభ్యంతరం లేదు" అని ఇచ్చే అఫిడవిట్లు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం సిద్ధం చేసుకోండి. అత్తలు ఒకరు హైదరాబాదులో, ఒకరు బయటి దేశంలో ఉంటే సంక్రాంతికి అందరూ ఇంటికొచ్చినప్పుడు సంతకాలు పెట్టించుకోవడమే తేలిక. బండిని ఉంచుకున్నా అమ్మినా ఈ పని తప్పదు కాబట్టి రేపే మొదలు పెట్టండి. పేరు మాత్రం నాయనమ్మగారి మీదికో నాన్నగారి మీదికో మార్పించండి, నువ్వు చదువయ్యాక రాయించుకోవచ్చు. ఆవిడని ఒక్కసారి నేరుగా అడుగు కూడా. నీ ప్రశ్నలో నాన్నగారి మాట ఉంది, తాతగారి మాట ఉంది, ఆవిడ మాట ఎక్కడా లేదు.

అదే సమయంలో ఆర్సీ గడువు ఎప్పటికో చూడు. సొంత కార్లకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తరువాత అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి ఈ రెన్యువల్ ఫీజుని 2025 ఆగస్టులో పది వేలు చేశారు, అంతకు ముందు అయిదు వేలుండేది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఢిల్లీలో పాత బండ్ల మీద పెట్టిన ఆంక్షల వార్తలు చూసి నాన్నగారు కంగారు పడుతుంటే ఒక మాట చెప్పు: అవి ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానివి. మన దగ్గర ఫిట్‌నెస్ పాసై రెన్యువల్ అయితే నడుపుకోవచ్చు.

ఇక అసలు శత్రువు సంగతి, అంటే ఉప్పు గాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే, చినవాల్తేరు ఇళ్ళల్లో కిటికీ చువ్వలు ఎన్నేళ్ళకి చివుకుతాయో నీకు చూసిన అనుభవమే. బండి కింద ప్లేటు మందం వాటిలో పదో వంతు కూడా ఉండదు. మీ తాతగారి బండి ఇన్నాళ్ళు నిలిచిందంటే ఆయన వారానికి రెండు మూడుసార్లు నడిపి, మంచినీళ్ళతో కింద కడిగి, గ్రీజు కొట్టించి ఉంటారు. షిప్‌యార్డు మనిషికి ఉప్పునీరు ఇనుముని ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. మన షిప్‌యార్డుకి 1941లో పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచందే 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. 1948లో ఇక్కడ నీళ్ళలోకి దిగిన జలఉష ఓడా, బొంబాయి కుర్లాలో తయారైన మీ పద్మినీ ఒకే ఇంటి పిల్లలు అన్నమాట. సింధియా అనే బస్టాపు పేరు కూడా ఆయన స్టీమర్ కంపెనీదే. మీ తాతగారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, అంబాసిడరు కాకుండా ఫియట్ కొనడానికి అదీ ఒక కారణమేమో.

సరే, అసలు విషయంలోకి వద్దాం. నువ్వు నెలకోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తోంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్లోనూ క్రాంక్ కేసులోనూ నీటి తేమ చేరుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితేనే అది ఆవిరై పోతుంది. పది నిమిషాలకి ఆపేస్తే ఆ నీళ్ళు లోపలే ఉండి ఆయిల్‌ని పాడుచేస్తాయి, సైలెన్సరుని లోపలి నుంచి తినేస్తాయి. బ్రేకులు, క్లచ్, గేరు, వీల్ బేరింగులు ఏవీ కదలవు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కదా, వీల్ సిలిండర్లలో రబ్బరు పట్టేసి ఒక రోజు పెడల్ కిందికి పోయి పైకి రాదు. కదిపితే కనీసం పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పు. హనుమంతవాక మీదుగా హైవే ఎక్కి ఆనందపురం దాకా వెళ్ళి రా. సరదాగా ఉంటుందని భీమిలి బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళకు, ఆ తుంపర్లు కింద పట్టాయంటే ఇంటికొచ్చి గంటసేపు కడుక్కోవాలి.

పెట్రోలు కూడా తాతగారి రోజుల పెట్రోలు కాదు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. బండి నిలబడి ఉంటే ఆ నీళ్ళు ట్యాంకు అడుగుకి దిగి తుప్పు మొదలవుతుంది, పాత రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి. ఇంజను బే లో వేడి మీద పెట్రోలు కారడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ముందుగా చేయాల్సిన రిపేరు ఇదొక్కటే: ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకానికి మార్పించు. పెద్ద ఖర్చు కాదు. మూడు నెలలకి మించి కదలదని తెలిస్తే ట్యాంకూ కార్బురేటరు గిన్నె రెండూ ఖాళీ చేసి పెట్టాలి.

అందుకే చోడవరం మాట నాకు నచ్చింది. సముద్రానికి అంత దూరం పోతే ఉప్పు బాధ చాలా వరకు తప్పుతుంది. మొహమాటం పక్కన పెట్టి మామయ్యకి ఫోన్ చెయ్. కానీ "గోదాములో ఒక మూల పెట్టుకో మామయ్యా" అని అడగకు. "పదిహేను రోజులకోసారి మీరు దీన్ని అనకాపల్లి దాకా తిప్పుతారా" అని అడుగు. ఆయనకి హ్యాండ్ గేరు అలవాటుందో లేదో కనుక్కో. స్టీరింగు పక్కన గేరు రాడ్ ఉన్న బండి నడపని వాళ్ళు మొదటిసారి రెండో గేరు బదులు రివర్సు వెతుక్కుంటారు. ఆయన కాకపోతే ఆ ఊళ్ళో పాత అంబాసిడరు తోలిన డ్రైవరు ఎవరో ఒకరు తప్పక ఉంటారు, నెలకి ఎంతో కొంత ఇస్తే సంతోషంగా తిప్పుతాడు.

గోదాము గురించి రెండు జాగ్రత్తలు. ధాన్యం ఉన్నచోట ఎలకలుంటాయి, సీట్ల కింద కొబ్బరి పీచు వాటికి పుట్టిల్లు, వైరింగు వాటికి ఫలహారం. పిల్లి ఉంటే మంచిదే గానీ దాన్ని నమ్ముకోకు, బానెట్ తెరిచి ఉంచడం, బ్యాటరీ తీగ తీసి ఉంచడం చెయ్. అంతకంటే ముఖ్యం, ఎరువుల బస్తాల పక్కన బండి పెట్టొద్దు. యూరియా లాంటివి తేమ పీల్చి ఇనుముని తినడంలో మన ఉప్పు గాలికి ఏమాత్రం తీసిపోవు. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేయకు, బ్రేక్ షూలు డ్రమ్ముకి అంటుకుపోతాయి, చక్రానికి రాయి అడ్డం పెట్టు. ప్లాస్టిక్ కవరు కప్పకు, లోపల చెమట పడుతుంది. పాత దుప్పటి వెయ్యి రెట్లు మేలు.

మా ఇంటి వెనక మామిడి చెట్టు కింద నీడగా ఉంటుందని ఒక కస్టమరు కాంటెస్సా పెట్టుకున్నాం, 2014 అక్టోబరు 12 దాకా అది బాగానే ఉంది. ఆ రోజు వచ్చిన హుద్‌హుద్ తుపాను గురించి విశాఖ వాళ్ళకి చెప్పేదేముంది. పైకప్పు అంటే పైకప్పే, చెట్టు కాదు.

డబ్బు మాట. ఉంచుకుంటే ఏటా ఎంతవుతుందో నా దగ్గర ఇలాగే నిలిపే వాళ్ళ లెక్కల్లోంచి చెప్తాను. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మూడు నాలుగు వేలు. ఆయిలు, ఫిల్టర్లు, కూలెంట్, పాయింట్లు, ప్లగ్గులు, కార్బురేటరు సర్వీసు కలిపి ఆరేడు వేలు. బ్యాటరీ, టైర్లు ఏళ్ళ మీద పంచుకుంటే మరో నాలుగు వేలు. లీటరుకి పదీ పన్నెండు ఇచ్చే బండి, నెలకి రెండు తిరుగుళ్ళు, దానికి పెట్రోలు. ఏదీ విరగని ఏడాదిలో ఇరవై నుంచి పాతిక వేలు అనుకో. ఏదో ఒకటి విరుగుతుంది కాబట్టి ఇంకో పదిహేను వేలు పక్కన ఉండాలి. చదువయ్యే లోపల అరవై వేలు దాటుతుంది. అంటే బ్రోకరు చెప్పిన ధరలో ముప్పావు వంతు, దాన్ని ఉంచుకోవడానికే పెడతావు. "పాత బండి, ధర పెరుగుతుంది" అని నాన్నగారితో వాదించకు, ఆయన లెక్కే కరెక్టు. ఇది పెట్టుబడి కాదు. నెలకి రెండు వేలు పెట్టి తాతగారి బండిని ఉంచుకోవడం నీకు, ఇంట్లోవాళ్ళకి ఇష్టమేనా అన్నదొక్కటే అడుగు. ఇష్టమైతే ఆ డబ్బు ఎవరు ఇస్తారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. నీ పాకెట్ మనీలోంచి అంటే మాత్రం నాకు నమ్మకం లేదు, పరీక్షల నెలలో మొట్టమొదట ఆగిపోయేది బండి ఖర్చే.

విడిభాగాల సంగతి అడగలేదు గానీ చెప్తాను. 1974 నుంచి పద్మిని పేరుతో వచ్చిన ఈ బండి 1089 సీసీ ఇంజను మనవాళ్ళకి కొట్టిన పిండి. ఇంజను పని, లేత్ పని గాజువాక ఆటోనగర్లో ఇప్పటికీ అయిపోతుంది. సామాను చాలా వరకు ముంబై నుంచే వచ్చేది, అక్కడ పద్మిని టాక్సీలు ఉన్నంత కాలం. 2023 అక్టోబరు చివర ఆ టాక్సీలు రోడ్డు దిగాయి. క్లచ్ ప్లేటు, బ్రేకు కిట్లు ఇంకా దొరుకుతున్నాయి, కానీ ఇదివరకు వారంలో వచ్చేది ఇప్పుడు నెల పడుతోంది. బంపర్లు, గ్రిల్లు, లైటు రింగులు లాంటి క్రోమ్ సామాను మాత్రం పోతే మళ్ళీ రాదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాతగారి గదిలో, అటక మీద పాత గుడ్డలో చుట్టిన ఇనుప ముక్కలేవైనా కనిపిస్తే పాత సామానువాడికి వెయ్యనివ్వకు. ఆయన తరం వాళ్ళు స్పేర్లు కొని దాచుకునేవారు.

ఇప్పుడు నువ్వు చేయకూడని పని ఒకటి. చదువు పూర్తయ్యే దాకా రిస్టోరేషన్ మాట ఎత్తకు. అయిదారేళ్ళ క్రితం ఒక కుర్రాడు, నీలాగే ఇంజినీరింగ్ మూడో ఏడాది, తండ్రి ఇచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్ తీసుకొచ్చాడు. నడుస్తున్న బండి. చిన్న చిన్న తుప్పులు, వెలిసిన రంగు. యూట్యూబులో చూసి, మొత్తం రంగు గీకించి ఇనుము దాకా తీసి మళ్ళీ చేద్దాం అన్నాడు. వద్దన్నాను, ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళాడు. డోర్లు, సీట్లు, వైరింగు, అద్దాలు అన్నీ విప్పేశారు, బాడీ గీకారు. దాచుకున్న లక్ష రూపాయలు టింకరింగ్ సగంలో ఉండగానే అయిపోయాయి. తరువాత సెమిస్టరు, ఆ తరువాత ప్లేస్‌మెంటు, ఆ తరువాత బెంగుళూరు ఉద్యోగం. ప్రైమరు కూడా పడని ఇనుము మన ఊరి వర్షాకాలాలు రెండు చూసింది. చివరికి ఆ షెడ్డువాడు చోటు ఖాళీ చేయమంటే ఆ కుర్రాడు నన్ను వెళ్ళి చూడమన్నాడు. వెళ్ళి చూశాను. డోరు కింద అంచు వేలితో నొక్కితే బిస్కెట్టులా విరిగింది. విడిభాగాలు సగం ఎక్కడో మాయం. తుక్కు కింద పోయింది.

రంగు వెలిసి ఉంటే ఉండనీ. పాత రంగే దానికి చొక్కా. ఇనుము బయటపడ్డ చోట మాత్రం గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టు, అది నువ్వే చేసుకోగలవు.

రెండూ కుదరకపోతే, అమ్మాల్సి వస్తే? అమ్మడం తాతగారికి చేసిన ద్రోహమేమీ కాదు. నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి ఎంబీబీఎస్ చదివేటప్పుడు తండ్రి పోతే ఆయన 1986 మోడల్ మారుతి 800ని విజయనగరంలో ఒక రిటైర్డ్ మాస్టారికి అమ్మింది. వేరేవాళ్ళు పాతిక వేలు ఎక్కువ ఇస్తామన్నారు. ఈయన బండి కింద దూరి చూసి, బోల్టుల సైజులు అడిగాడు, అందుకని ఆయనకే ఇచ్చింది. "మీరు అమ్మేటప్పుడు ముందు నాకు చెప్పండి" అని ఒక మాట తీసుకుంది. ఆరేళ్ళకి ఆయన నిజంగానే ఫోన్ చేశారు. అప్పటికి ఆవిడ వేరే ఊళ్ళో ఇద్దరు పిల్లలతో ఉంది, వద్దంది. నాతో ఆ విషయం చెప్పినప్పుడు ఆవిడ గొంతులో బాధేమీ లేదు, బండి ఇంకా నడుస్తోందని సంతోషపడింది అంతే.

హోటల్ ఆయన ఇచ్చే లక్షా నలభై మంచి ధరే. కానీ సముద్రానికి ఎదురుగా, పైకప్పు లేకుండా, కదలకుండా నిలబెట్టిన బండి బయటికి మెరుస్తూనే లోపల పోతుంది, ఎప్పటికప్పుడు పుట్టీ పెట్టి రంగు వేస్తారు కాబట్టి. రెండు మూడేళ్ళలో తీసి పడేస్తారు. డబ్బు అవసరం గట్టిగా ఉంటే తీసుకో, తప్పు లేదు. కానీ తరువాత ఆ రోడ్డులో ప్రతి ఆదివారం నువ్వే దాన్ని చూస్తూ వెళ్ళాలి, ఫ్రెండ్స్ దాని ముందు సెల్ఫీలు దిగుతారు. అది నువ్వు తట్టుకోగలవో లేదో నాకు తెలియదు. నాకైతే కష్టం. నడుపుకునేవాడికి కాగితాలన్నీ సరిచేసి అమ్మితే లక్ష దాటి రావడం కష్టమేమీ కాదు, కొంచెం ఓపిక పట్టాలి.

అమ్మినప్పుడు పేరు మార్పు దగ్గర మాత్రం ఎవరినీ నమ్మకు. ఇది నా సొంత తప్పు, అందుకే గట్టిగా చెప్తున్నాను. 1994లో నేను పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది. నాన్న మంచాన పడ్డారు, ఇంట్లో ఉన్న అంబాసిడరు అమ్మాం, 38 వేలకి. అప్పటికే పేరు నా మీద ఉంది. కొన్నాయన పెద్దమనిషిలా కనిపించాడు, "ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చెయ్యి బాబూ, నేను చూసుకుంటాను" అన్నాడు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చాను. అయిదేళ్ళ తరువాత వేరే జిల్లా కోర్టు నుంచి నోటీసు. ఆ బండి చేతులు మారి మారి ఎవరి దగ్గరో ఉండగా సైకిలు మీద వెళ్తున్న మనిషిని గుద్దింది. ఇన్సూరెన్సు లేదు, పేరు ఇంకా నాదే. నేను అమ్మేశానని నిరూపించుకోవడానికి నా దగ్గర చిత్తు కాగితం కూడా లేదు. నాలుగేళ్ళు వాయిదాలకి తిరిగాను. అమ్మినందుకు ఇన్నేళ్ళలో ఒక్కరోజూ బాధపడలేదు, ఆ డబ్బుతో నాన్నకి వైద్యం జరిగింది. అలా అమ్మినందుకు మాత్రం ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఇది నా ఒక్కడి దురదృష్టం అనుకోకు. ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లో కూడా స్పష్టంగా చెప్పింది. కాబట్టి పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 పూర్తిగా నింపి, కొనేవాడి ఆధార్ కాపీతో సహా నీ ఎదుటే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టించు. బండి ఇచ్చిన తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం నీ దగ్గర ఉంచుకో. పేరు మారినట్టు కనిపించాకే చివరి పదివేలు తీసుకుంటానని ముందే చెప్పు. నిజంగా కొనేవాడు దీనికి ఒప్పుకుంటాడు. వేరే రాష్ట్రం వాడైతే ఫారం 28 మీద ఎన్ఓసీ, అంటే మన ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం, కూడా కావాలి.

ఎవరో నీకు "2028లో యాభై ఏళ్ళు నిండుతాయి, వింటేజ్ అవుతుంది, అప్పుడు లక్షలు పలుకుతుంది" అన్నారని రాశావు. యాభై ఏళ్ళు నిండిన, మార్పులు చేయని బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ 2021లో వచ్చిన మాట నిజమే, నంబరులో వీఏ అని వస్తుంది, ఫీజు ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ అది తీసుకున్నాక రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు, అంతే. తీసుకోవడం నీ ఇష్టం, తప్పనిసరి కాదు. పద్మినీలు దేశంలో లక్షల్లో తయారయ్యాయి, పుట్టినరోజు వచ్చినంత మాత్రాన ధర ఎగరదు. ఆ ఆశతో నిర్ణయం తీసుకోకు.

ఈ ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు ఒక చిన్న అయస్కాంతం, పలుచటి గుడ్డ, స్క్రూడ్రైవరు తీసుకెళ్ళు. అయస్కాంతం గుడ్డలో చుట్టి డోర్ల కింద అంచుల్లో, చక్రాల వంపుల మీద పెట్టి చూడు. అంటుకోని చోట లోపల ఇనుము లేదు, పుట్టీ ఉంది. పాత చాప పరుచుకుని కిందకి దూరి, డోర్ల కింద పొడవుగా ఉండే పెట్టెలాంటి భాగాన్నీ, డిక్కీలో స్టెప్నీ గుంటనీ, బ్యాటరీ ట్రేనీ స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా కొట్టి విను. టంగుమంటే బాగుంది, డబ్బమంటే లోపల తినేసింది. ఆ పెట్టె భాగం రెండు వైపులా పోయి ఉంటే నేను పైన చెప్పిందంతా మారిపోతుంది, ఆ టింకరింగ్ ఖర్చు విద్యార్థి పెట్టుకోలేడు, అప్పుడు అమ్మేయమనే అంటాను.

ఇంకొకటి, ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ ఆర్సీలో ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూడు. ఆ రోజుల్లో చాలామంది డీజిలు ఇంజను వేయించేసి రికార్డులో ఎక్కించుకోలేదు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గర అది బయటపడితే రెన్యువల్ అక్కడే ఆగిపోతుంది. నంబరు ప్లేట్లు, కింద భాగం ఫొటోలు వెలుతురులో తీసి పెట్టు, ఆర్సీ ఫొటోలో తాతగారి పేరు, అడ్రసు మాత్రం చెరిపి పెట్టు. చూసి చెప్తాను.